పెట్టె తెరవకుండానే తీయగల ఫోటోలు

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది: హైదరాబాదులో మీ ఇంటి మేడ మీద ఏప్రిల్ చివరి వారంలో ఒక తేనెటీగల పెట్టె పెట్టారు. రెండు నెలలైంది. రెండు రోజులకోసారి మూత తీసి, పట్టులు కట్టిన చెక్క ఫ్రేములు బయటికి లాగి ఫోటోలు తీస్తున్నారు, అవి స్నేహితులకు చూపిస్తున్నారు. ఎలాంటి ఫోటోలు తీస్తే ఉపయోగం, రోజూ ఏమేమి రాసుకోవాలి అని అడుగుతూ, చివర ఒక్క వాక్యంలో ‘ఈ మధ్య ఈగలు కొంచెం తగ్గినట్టున్నాయి’ అన్నారు. నాకు ఆ చివరి వాక్యమే ముఖ్యంగా కనిపించింది. మీ ప్రశ్నకు సమాధానం కూడా దానిలోనే ఉంది.

మీరు పంపిన ఆరు ఫోటోలనూ పెద్దవి చేసి చూశాను. నాలుగో దానిలో తేనెపట్టు కింది మూలన సాలెగూడులాంటి తెల్లని పోగులు ఉన్నాయి. అవి పట్టును తినేసే మైనపు పురుగు చేసుకున్న సొరంగాలు. ఆ పట్టు మీద ఈగలు లేవు. ఆరోది పెట్టె గుమ్మం దగ్గర, అంటే ఈగలు వచ్చిపోయే సందు దగ్గర తీసింది. అందులో తొమ్మిది ఈగలు లోపలికి వెళ్తుంటే ఒక్కదాని కాళ్లకైనా పుప్పొడి ముద్ద లేదు. ఐదో ఫోటో మాత్రం ధైర్యం ఇస్తోంది. నడిమి పట్టులో పది పన్నెండు అరల అడుగున బియ్యపు నూకంత తెల్లని గుడ్లు నిలువుగా నిలబడి ఉన్నాయి. గుడ్డు మొదటి రోజు నిలువుగా ఉంటుంది, రెండో రోజు ఒరుగుతుంది, మూడో రోజుకు అడుగున పడుకుంటుంది. అంటే ఆ ఫోటో తీసే నాటికి ఒక రోజు లోపలే రాణి అక్కడ గుడ్డు పెట్టింది. మీకు రాణి కనిపించలేదని దిగులుపడ్డారు, ఆ దిగులు అక్కరలేదు. కాని గుడ్లు అన్ని తక్కువ ఉండటం, పుప్పొడి రాకపోవడం, పట్టు ఖాళీ కావడం మూడూ కలిస్తే, ఆ గుంపు ఇల్లు వదిలి వెళ్లే ఆలోచనలో ఉందని అర్థం.

మన పుట్ట తేనెటీగ స్వభావమే అది. ఇంటర్నెట్‌లో మీరు చూసే వీడియోల్లో ఎక్కువ భాగం ఐరోపా తేనెటీగవి. వందల ఏళ్లుగా మనుషుల చేతుల్లో పెరిగి, తరచూ పెట్టె తెరిచినా చాలావరకు ఓర్చుకునే ఈగ అది. మనది అలా కాదు. చెట్టు తొర్రలోనో పాడుబడ్డ పుట్టలోనో చీకట్లో, ఎవరి చేయీ తగలకుండా ఉండటానికి అలవాటు పడినది. తిండి తగ్గినా, చీమలు పట్టినా, మైనపు పురుగు చేరినా, పదే పదే వెలుతురు పడినా ఉన్న తేనె కడుపు నిండా తాగి ఒక ఉదయం అన్నీ వెళ్లిపోతాయి. రాణి ముందే గుడ్లు తగ్గిస్తుంది, ఉన్న పిల్లలు ఈగలై బయటికి వచ్చేదాకా ఆగుతాయి, ఆ తర్వాత పెట్టె ఖాళీ. మీరు ఏ తప్పు చేయకపోయినా జూన్, జూలై నెలలు మన మైదాన ప్రాంతాల్లో కరవు కాలమే. వేప, కానుగ, నేరేడు పూత ముగిసింది. తేనె కాలం అయిపోయాక మీకు పెట్టె అమ్మారు. దానిమీద రెండు రోజులకోసారి తెరవడం తోడైంది.

అందుకని ఫోటోల సంగతికి ముందు ఇవాళ చేయవలసిన పని చెబుతాను. ఒక గ్లాసు చక్కెర, ఒక గ్లాసు నీళ్లు కలిపి కరిగించి చల్లార్చండి. చీకటి పడ్డాక అందులో సగం చిన్న గిన్నెలో పోసి, ఈగలు మునిగిపోకుండా నాలుగు పుల్లలు వేసి, పెట్టె లోపలే పైభాగాన ఉంచండి. బయట ఒక్క చుక్క ఒలికినా చీమలూ పక్క గుంపుల దొంగ ఈగలూ వస్తాయి, తుడిచేయండి. మిగతా సగం రేపు సాయంత్రం. మైనపు పురుగు పట్టిన ఆ పట్టును తీసేసి పెట్టెకు దూరంగా కాల్చేయండి. అడుగుపలక లాగి గీకి శుభ్రం చేసి ఎండలో పెట్టి తిరిగి పెట్టండి. వారానికోసారి అడుగుపలక ఒక్కటీ తుడవడానికి ఫ్రేములు కదపనక్కరలేదు. గుమ్మం రెండు వేళ్ల వెడల్పుకు తగ్గించండి. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద పెట్టిన గిన్నెల్లో నీళ్లు ఎండిపోయాయేమో చూడండి. మీ రెండో ఫోటోలో ఒక గిన్నె పొడిగా కనిపిస్తోంది. రాణి దాటలేని సన్న కంతల రేకు గుమ్మానికి పెడితే ఆగుతాయని కొందరు సలహా ఇస్తారు. నాలుగు రోజులకు పనికొస్తుంది. కాని కారణం అలాగే ఉంచి తలుపు మూస్తే లోపల ఉన్నవి క్షీణించిపోతాయి. నేనైతే తిండి పెట్టి, కదిలించకుండా వదిలేస్తాను.

ఇప్పుడు ఫోటోలు. రేపటి చక్కెర నీళ్లు పెట్టాక పది రోజులపాటు మూత తీయకండి. ఆ పది రోజులూ గుమ్మాన్ని మాత్రమే తీయండి. ఇది మీకు శిక్షలా అనిపించవచ్చు, లోపల ఉన్నంత అందం గుమ్మంలో ఏముంటుందని. పదిహేడేళ్లుగా కడియం దగ్గర మా పెరట్లో పెట్టెలు పెంచుతున్నాను. నాకు తెలిసినదానిలో ముప్పాతిక భాగం గుమ్మం ముందు చిన్న పీట వేసుకుని కూర్చుని నేర్చుకున్నదే.

పెట్టెకు ఒక పక్కగా, ఈగలు వచ్చిపోయే దారికి అడ్డం రాకుండా కూర్చోండి. గోడ మీద ఒక గుర్తు పెట్టుకుని ఫోను ఎప్పుడూ అక్కడినుంచే పట్టుకోండి. రోజూ ఒకే వేళ, ఉదయం ఎనిమిదిన్నర అనుకుందాం. ఒకే చోట, ఒకే వేళ తీసిన ముప్పై ఫోటోలు వరసగా పెట్టి చూస్తే మామూలు కంటికి అందని మార్పు అందుతుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు. మొదటిదానికీ ముప్పయ్యోదానికీ తెలుస్తుంది. ఫోటో తీశాక రెండు నిమిషాలు లెక్కపెట్టండి: లోపలికి వెళ్లిన ఈగలు ఎన్ని, వాటిలో పుప్పొడి తెచ్చినవి ఎన్ని. ఆ రెండు అంకెలు, ఆకాశం ఎలా ఉంది, ఏ చెట్టు పూసింది, అంతే రాసుకోండి. పుప్పొడి ఎక్కువ వస్తోందంటే లోపల ఆకలితో పిల్లలు ఉన్నారు, రాణి గుడ్లు పెడుతోంది. ఇది తెలుసుకోవడానికి ఒక్క ఫ్రేమూ తీయనక్కరలేదు.

పుప్పొడి రంగులు దగ్గరగా తీయండి. కొబ్బరి పుప్పొడి లేత పసుపు, పొద్దుతిరుగుడుది పండు నారింజ, మొక్కజొన్నది మీగడ రంగుకు దగ్గర. మీ వీధిలో పూసే చెట్ల పేర్లు రాసుకుని, పూల ఫోటో, పుప్పొడి ఫోటో జంటగా పెట్టుకుంటూ పోతే ఏడాదికి మీ పేటకు ఒక పూల పంచాంగం తయారవుతుంది. నా దగ్గర పదకొండేళ్ల పంచాంగం ఉంది. ఏ వారం పెట్టె మీద తేనెగది, అంటే తేనె కోసం అదనపు పై అర, పెట్టాలో, ఏ వారం చక్కెర నీళ్లు మొదలుపెట్టాలో దాన్ని చూసే నిర్ణయిస్తాను. ఇంతకంటే విలువైన పుస్తకం నా ఇంట్లో లేదు. మీకు హైదరాబాదులో ఏప్రిల్‌లో కానుగ, వేప, వర్షాల తర్వాత ఖాళీ స్థలాల్లో గడ్డిచామంతి, గోడల మీద గులాబీ రంగు పూలతో పాకే ఆ తీగ, అక్టోబరు చివర ఏడాకులపాల చెట్లు. పట్టణంలో పూలు లేవని చాలామంది అనుకుంటారు. పురుగుమందులు విరివిగా కొట్టే పల్లెకంటే చెట్లున్న పట్టణపు పేటలోనే గుంపు బలంగా ఉండటం నేను చూశాను.

గుమ్మం దగ్గర కనిపించే మరికొన్ని సంగతులు. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య ఒక్కసారిగా వంద, నూట యాభై ఈగలు పెట్టె ముందు తల పెట్టె వైపు పెట్టి పైకీ కిందికీ తేలుతూ ఉంటాయి. కొత్తవాళ్లు భయపడతారు, వెళ్లిపోతున్నాయనుకుంటారు. అవి మొదటిసారి బయటికి వచ్చిన పిల్ల ఈగలు. ఇంటి ముఖం గుర్తుపెట్టుకుంటున్నాయి. పావుగంటలో అంతా సద్దుమణుగుతుంది. నా దృష్టిలో అది అన్నిటికంటే మంచి ఫోటో, దాదాపు నాలుగు వారాల కిందట రాణి బాగా గుడ్లు పెట్టిందని దానికి అర్థం. అదే, ఈగలు గుమ్మం మీద ఒకదాన్నొకటి పట్టుకుని దొర్లుతుంటే మాత్రం వేరే గుంపు దోపిడీకి వచ్చినట్టు. వెంటనే గుమ్మం ఇంకా తగ్గించాలి. నేల మీద నాలుక బయటికి చాచి చచ్చిపడిన ఈగలు గుట్టగా ఉంటే చుట్టుపక్కల ఎవరో మందు కొట్టారేమో వాకబు చేయండి. చచ్చిన తెల్లని పిల్ల పురుగు, తల పైకి లేచి నీళ్ల సంచిలా వేలాడుతున్నది కనబడితే దాన్ని దగ్గరగా ఫోటో తీసి అనుభవం ఉన్నవాళ్లకు అదే రోజు చూపించండి. సంచి పిల్ల రోగం అది. 1991–92లో దక్షిణ భారతమంతటా వ్యాపించి మన జాతి గుంపుల్లో తొంభై శాతానికి పైగా తుడిచిపెట్టింది. నాకు పని నేర్పిన పెద్దాయన అప్పుడు నలభై పెట్టెల్లో ముప్పై తొమ్మిది పోగొట్టుకున్నారు. మిగిలిన ఆ ఒక్క పెట్టె గురించి చెబుతుంటే చివరిదాకా ఆయన గొంతు మారిపోయేది. ఆయన దగ్గర ఒక్క ఫోటో లేదు, ఒక్క తేదీ రాసి లేదు. ఏ పెట్టెలో ముందు మొదలైందో, మిగిలినదానిలో తేడా ఏముందో తెలుసుకునే దారి ఆయనకు లేకపోయింది. నేను రాసుకోవడం మొదలుపెట్టింది ఆయనను చూసే.

ఎండ రోజుల్లో గుమ్మం దగ్గర రెక్కలు విసిరే ఈగలను పక్కనుంచి తీయండి. మన ఈగ తల బయటికి, తోక గుమ్మం వైపు పెట్టి విసురుతుంది. ఐరోపా ఈగ తల గుమ్మం వైపు పెడుతుంది. ఇది లోపలికి గాలి తోలుతుంది, అది బయటికి లాగుతుంది. ఒక్క ఫోటోతో ఏ జాతో చెప్పేయవచ్చు. వానల్లో పెద్ద కందిరీగలు వచ్చినప్పుడు ఇంకొకటి చూస్తారు. గుమ్మం మీది ఈగలన్నీ ఒకేసారి ఒళ్లు కదిలిస్తాయి, గడ్డి మీద గాలి వీచినట్టు. అప్పటికీ కందిరీగ దిగితే వందలాదిగా దానిమీద కమ్ముకుని ముద్దలా బిగుస్తాయి. ఇదే జాతికి చెందిన జపాను ఈగల మీద 1995లో ప్రచురితమైన పరిశోధనలో ఆ ముద్ద లోపల వేడి 46, 47 డిగ్రీలకు చేరుతుందని కొలిచారు. కందిరీగ ఆ వేడికి చచ్చిపోతుంది, ఈగలు తట్టుకుంటాయి. నేను పదిహేడేళ్లలో ఐదుసార్లు చూశాను, ఒక్కసారే ఫోటో దక్కింది, అదీ మసకగా. ఎవరికి చూపినా ముందు అదే చూపిస్తాను.

ఇక లోపలి ఫోటోలు. పూర్తిగా వద్దనడం లేదు. పూత కాలంలో పది రోజులకోసారి, ఇలాంటి కరవు కాలంలో ఇంకా అరుదుగా. ఉదయం తొమ్మిది, పది మధ్య, గాలి లేని రోజు. కొబ్బరి పీచు పొగ రెండు ఊపులు చాలు. ఆ ఉదయం అరటిపండు తినకండి, చేతికి ఆ వాసన ఉంటే కడుక్కోండి. ఈగ కుట్టినప్పుడు మిగతావాటిని పిలిచే వాసన అరటిపండు వాసనను పోలి ఉంటుంది. ప్రతి ఫ్రేము పైకమ్మీకి ఒక అంకె వేయండి. ఫ్రేమును పెట్టె మీదుగానే పట్టుకోండి, రాణి జారినా లోపలే పడుతుంది. పట్టును ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి, రెండో వైపు చూడటానికి పైకమ్మీని ఇరుసులా చేసుకుని తిప్పాలి. సూర్యుడు మీ భుజం వెనకనుంచి రావాలి, అప్పుడే వెలుతురు అరల అడుగుకు చేరి గుడ్లు కనబడతాయి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఫోను దగ్గరగా పెట్టడానికి ముఖం ముందుకు వంచుతాం, మన ఊపిరి వాటిమీద పడుతుంది. అన్నిటికంటే ఎక్కువ అదే వాటిని రేపుతుంది. చేయి చాచి తీయండి, తల పక్కకు తిప్పి ఊపిరి వదలండి. ఒక వైపు ఒకటి, రెండో వైపు ఒకటి, తిరిగి లోపలికి. గుడ్లు వెతకడం, లెక్కపెట్టడం, రాణిని పోల్చుకోవడం అన్నీ ఆ తర్వాత ఇంట్లో కూర్చుని తెర మీద చేయండి. ఫోన్లలో మంచి కెమెరాలు వచ్చినందుకు ఈగలకు జరిగిన మేలు ఇదొక్కటే అనుకుంటాను, పెట్టె తెరిచి ఉంచే సమయం నాకు సగానికి సగం తగ్గింది.

అలా పెద్దవి చేసి చూసేటప్పుడు కొన్ని మూతల మధ్యలో సూదిమొనంత రంధ్రం కనబడితే రోగమని కంగారుపడకండి. అవి పోతుటీగల అరలు, మన జాతిలో ఆ మూతలు అలాగే ఉంటాయి. పట్టు కింది అంచున వేరుశనగ కాయలా వేలాడేది రాణి అర. వేలాడే చోటు, మూత వేశారో లేదో, తేదీతో సహా ఫోటో ఉంటే గుంపు విడిపోయే రోజును చాలా దగ్గరగా అంచనా వేయవచ్చు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మూడో ఏడాది మే నెలలో, కొత్తగా కట్టిన పట్టు మీద తేనె మెరుస్తుంటే మధ్యాహ్నం ఎండలో బయటికి తీసి, ఫోటో బాగా రావాలని అడ్డంగా పట్టుకున్నాను. వేడికి మెత్తబడిన మైనం బరువు ఆపలేక తెగి నేల మీద పడింది. పిల్లలతో, తేనెతో, మూడు నాలుగు వందల ఈగలతో సహా. రాణి ఆ పట్టు మీదే ఉంది. ఫోటో మాత్రం వచ్చింది, చాలా అందంగా వచ్చింది. దాన్ని ఎవరికీ చూపలేదు, చెరిపేయనూ లేదు.

రోజువారీ అనుభవాలు ఎలా రాయాలన్నారు. తేనె తీసిన రోజు అందరూ రాస్తారు. సీసాల ఫోటోలకు కొదవ లేదు. ఏమీ జరగని రోజు రాయండి. ‘ఉదయం ముసురు, పదిన్నరదాకా ఒక్కటీ బయటికి రాలేదు, వాన తెరిపిచ్చాక నీళ్ల తొట్టి అంచున పన్నెండు ఈగలు’ అన్న వాక్యం మీలాంటి ఇంకొకరికి ఎంతో చెబుతుంది. పెట్టె ఖాళీ అయిపోతే ఆ ఖాళీ పెట్టె ఫోటో కూడా పెట్టండి, దాని ముందు నెల ఫోటోలతో కలిపి. మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది మొదటి గుంపును పోగొట్టుకుని సిగ్గుతో మాట్లాడరు. వాళ్లు మాట్లాడి ఉంటే తర్వాతి వాళ్ల గుంపులు కొన్నయినా నిలిచేవి. మొదటి ఏడాది తేనె ఆశించకండి. మన ఈగ చిన్న పెట్టెలో ఏడాదికి నాలుగైదు కిలోలు ఇస్తే నేను సంతోషిస్తాను. తీసినా మూత వేసిన అరలదే తీయాలి. మూత వేయనిది పలుచగా ఉండి పులుస్తుంది.

పంచుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఫోటోలో ఊరూ వీధీ తెలిపే వివరాలు ఉండనివ్వకండి. పెట్టెలు దొంగతనాలు అవుతున్నాయి. ఇంకొకటి, చేతి మీద ఈగలను పాకించుకుని ముసుగు లేకుండా తీసిన ఫోటోలు పెట్టవద్దు. కొందరికి ఒక్క కాటుతోనే ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం మొదలవుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మీ ఫోటో చూసి ఒక పిల్లవాడు అపార్ట్‌మెంటు బాల్కనీకి వేలాడే కొండ తేనెటీగల పట్టు దగ్గరికి చేయి చాస్తే? అవి పెట్టెలో ఈగల్లా కాదు, గుంపుగా తరుముతాయి.

మేడ మీద గుమ్మం పిట్టగోడ వైపు తిప్పండి, గోడకు మూడు నాలుగు అడుగుల దూరంలో. ఈగలు బయటికి రాగానే పైకి లేచి వెళ్తాయి, పక్కింటివాళ్ల తలల మీదుగా వెళ్లవు. పక్కింటి పెద్దావిడ అభ్యంతరం చెబుతున్నారని రాశారు. ఆవిడను ఒక ఉదయం పిలిచి, దూరంగా కుర్చీ వేసి, పుప్పొడి మోసుకొచ్చే ఈగల వీడియో మీ ఫోనులో చూపించండి. పెరట్లో కాయని గుమ్మడిపాదు గురించో మునగచెట్టు గురించో ఆవిడే మొదలుపెడతారు. మా ఊళ్లో నాలుగు ఇళ్లతో అలాగే స్నేహం కుదిరింది.

ప్రస్తుతానికి చక్కెర నీళ్లు, అడుగుపలక, కాళ్ల కింది గిన్నెలు. నాలుగో రోజు ఉదయం ఎనిమిదిన్నరకు గుమ్మం ఫోటో ఒకటి తీసి, రెండు నిమిషాల్లో ఎన్ని ఈగలు పుప్పొడితో వెళ్లాయో ఆ అంకెతో పాటు ఇక్కడే పెట్టండి. పది ఈగల్లో ఒకటైనా పుప్పొడి తెస్తుంటే గుంపు ఉండటానికే నిర్ణయించుకుంటోందని చెప్పవచ్చు. ఒక్కటీ తేకపోతే ఏం చేయాలో అప్పుడు రాస్తాను.